ప్రొక్లివిటీ: స్వభావం కాదు, వాటం

‘ప్రొక్లివిటీ’ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగేమిటని అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబులు నాలుగు: స్వభావం, నైజం, ప్రవృత్తి, ధోరణి. వాక్యం అర్థమైపోతుంది కనుక ఎవరూ పేచీ పెట్టరు. కాని వీటిలో మొదటి రెండు మాటలు ఒక మనిషి ఏమిటో చెబుతాయి. ‘ప్రొక్లివిటీ’ ఆ మనిషి ఎటు వాలి ఉన్నాడో మాత్రమే చెబుతుంది. ఈ రెండింటి మధ్య దూరం నిఘంటువులో అరంగుళమే అయినా ఆసుపత్రి గదిలో, న్యాయస్థానంలో, పెళ్ళి సంబంధం మాట్లాడుకునే చావడిలో చాలా ఎక్కువ. “వాడి నైజమే అంత” అన్న తరువాత మాట్లాడటానికి ఏమీ మిగలదు. “వాడి మొగ్గు అటుంది” అంటే సంభాషణ అప్పుడే మొదలవుతుంది.

ఈ మాట 16వ శతాబ్దం చివరి భాగంలో లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్ రూపం ‘ప్రోక్లీవిటాస్’. దానికి ఆధారం ‘ప్రోక్లీవిస్’ అనే విశేషణం. ‘ప్రో’ అంటే ముందుకు, ‘క్లీవుస్’ అంటే ఏటవాలు నేల. ప్రాచీన రోము నగరంలో ఫోరం నుంచి కాపిటొలైన్ కొండ మీది జూపిటర్ ఆలయానికి ఎక్కే బాట పేరు క్లీవుస్ కాపిటొలీనుస్. యుద్ధం గెలిచి వచ్చిన సేనాని ఊరేగింపు పైకి సాగినది ఈ బాట మీదనే. కనుక క్లీవుస్ అన్నంత మాత్రాన దిగజారడం లేదు. ఎక్కేవాడికీ దిగేవాడికీ బాట ఒకటే. వైద్య విద్యార్థులకు ఇదే మాట పుర్రె అడుగుభాగంలో ఎదురవుతుంది. మెదడుకాండం ముందుభాగాన ఆనుకుని ఉండే ఏటవాలు ఎముక పేరు ‘క్లైవస్’. ఇంగ్లీషులో ఎక్కుడు వాలుకు అక్లివిటీ, దిగుడు వాలుకు డిక్లివిటీ అన్న మాటలు కూడా దీని నుంచే పుట్టాయి. ఆ రెండూ నేలను వదలలేదు. ప్రొక్లివిటీ ఒక్కటే నేలను వదిలి మనసులోకి వలస వెళ్ళింది.

క్లీవుస్‌కు వెనుక ‘వాలు, ఆను’ అనే అర్థం గల ఒక ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువు ఉంది. దాని సంతతి చాలా పెద్దది. గ్రీకులో మంచాన్ని ‘క్లీనే’ అన్నారు, మనిషి మేను వాల్చే చోటు కనుక. ఆ మంచం పక్కకు వెళ్ళి రోగిని చూసే వైద్యుణ్ణి బట్టి ‘క్లినిక్’ వచ్చింది. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు భూమి వాలే తీరును గ్రీకులు ‘క్లీమా’ అన్నారు. అది ‘క్లైమేట్’ అయింది. నిచ్చెనకు వారి మాట ‘క్లీమాక్స్’. ఇంగ్లీషువారి ‘లీన్’, ‘ల్యాడర్’ కూడా ఈ ఇంటివే. సంస్కృతంలో ఈ ధాతువు ‘శ్రి’ రూపంలో ఉంది. ఆశ్రయం, ఆశ్రితుడు అన్న మాటల్లో ఉన్నది ఒకదానిమీద మరొకటి వాలి నిలవడమే. గోడకు ఆనించే మెట్ల వరుసను సంస్కృతంలో నిశ్రేణి అన్నారు. తెలుగు ‘నిచ్చెన’ దాని తద్భవం. ఇంగ్లీషు ల్యాడరు, తెలుగు నిచ్చెన ఇంత దూరపు చుట్టాలని తెలిసినప్పుడు, భాషాశాస్త్రం మీద విసుగున్నవారికి కూడా ఒక్క క్షణం ముచ్చట వేస్తుంది.

సహజమైన మొగ్గును చెప్పే ఇతర ఇంగ్లీషు మాటలు కూడా ఎక్కువగా భౌతికమైన ఒంపు నుంచి పుట్టినవే. ‘ఇన్‌క్లినేషన్’ వాలడం. ‘బెంట్’ వంగడం. ‘ప్రోన్’ అంటే లాటిన్‌లో ముందుకు వంగిన, బోర్లా పడిన అని అర్థం. 2020లో ఊపిరితిత్తులు దెబ్బతిన్న కోవిడ్ రోగులను గంటల తరబడి ఏ భంగిమలో పడుకోబెట్టారో అదే. ‘బయస్’ ఫ్రెంచి ఏటవాలు గీత. ‘ప్రొపెన్సిటీ’, ‘పెన్షాంట్’ రెండూ వేలాడటం, తూగడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చినవి. ప్రొపెన్సిటీ నేల వాలు కాదు, తక్కెడ వాలు. అందుకే అది గణాంకశాస్త్రంలో హాయిగా ఇమిడింది. 1983లో రోజెన్‌బామ్, రూబిన్ అనే ఇద్దరు గణాంకవేత్తలు ఒక వ్యక్తికి ఫలానా చికిత్స అందే సంభావ్యతను కొలిచే అంకెకు ‘ప్రొపెన్సిటీ స్కోర్’ అని పేరు పెట్టారు. దానికి ఎవరూ వంక పెట్టలేదు. అదే అంకెను ‘ప్రొక్లివిటీ స్కోర్’ అని ఉంటే, ఇంగ్లీషు తెలిసినవారు కనుబొమలు ముడిచేవారు.

ఎందుకంటే ఈనాటి ఇంగ్లీషులో ప్రొక్లివిటీ పక్కన ఎక్కువగా చేరే సావాసగాళ్ళు మంచివారు కారు: హింస, జూదం, అబద్ధం, అతిశయోక్తి, గుట్టుగా దాచుకోవలసిన కోరికలు. మంచి పనికి ఈ మాట వాడితే తప్పు కాదు గాని వాసన వేస్తుంది. విదేశాల్లో కొలువులు చేసే తెలుగువారు రాసే సిఫారసు లేఖల్లో ‘కష్టపడి పనిచేసే ప్రొక్లివిటీ’ వంటి ప్రయోగాలు అరుదు కాదు. నిఘంటువు ఈ మాటను ‘సహజమైన మొగ్గు’ అని చెబుతుంది కనుక రాసినవారిని తప్పుపట్టలేం. కాని ఆ లేఖ చదివే ఆంగ్లేయుడికి సదరు అభ్యర్థి కష్టపడటంలో కూడా ఏదో దాపరికం ఉన్నట్టు తోస్తుంది. నేల వాలుకు పాపం లేదు కదా, మాటకు ఈ మచ్చ ఎక్కడిది?

ఆ మచ్చ పెట్టినవారిలో ముఖ్యుడెవరో చెప్పగలగడం ఈ మాట అదృష్టం. క్రీ.పూ. 45లో, కూతురు తుల్లియా మరణించిన సంవత్సరంలో, సిసెరో ‘తుస్కులాన సంవాదాలు’ అనే గ్రంథం రాశాడు. మరణభయం, నొప్పి, దుఃఖం, మనోవికారాలు, సద్గుణం ఒక్కటే సుఖానికి చాలునా అన్న ప్రశ్న, ఇవి ఆ అయిదు భాగాల విషయాలు. మనోవికారాల గురించిన నాలుగో భాగంలో ఆయన ఒక వైద్యుడి మాదిరిగా ఆలోచిస్తాడు. కోపంలో ఉండటం వేరు, కోపిష్ఠి కావడం వేరు. ఒక రాత్రి తాగి పడిపోవడం వేరు, తాగుబోతు కావడం వేరు. ఆందోళన పడ్డ ప్రతివాడూ ఆందోళన జబ్బు మనిషి కాడు. ఆ జబ్బున్నవాడు కూడా ప్రతి క్షణం ఆందోళనతో ఉండడు. రెండువేల ఏళ్ళ తరువాత మనోవైద్యులు లక్షణానికీ, క్షణికమైన స్థితికీ, స్థిరపడిన వ్యక్తిత్వానికీ మధ్య గీసుకున్న గీతలు సుమారుగా ఈ చోటులోనే ఉన్నాయి.

ఆపైన అసలు ఘట్టం వస్తుంది. కొందరి శరీరాలు కొన్ని రోగాలకు తొందరగా లొంగినట్టే కొందరి మనసులు కొన్ని వికారాలకు తొందరగా లొంగుతాయని సిసెరో గమనిస్తాడు. ఆ లొంగుబాటుకు పేరు కావాలి. మేలు వైపు ఉండే సుళువును ‘ఫాకిలిటాస్’ అనాలని, కీడు వైపు ఉండేదాన్ని ‘ప్రోక్లీవిటాస్’ అనాలని, అప్పుడు జారిపడటమనే అర్థం అందులో వినిపిస్తుందని ఆయన నిర్ణయించాడు. మేలూ కీడూ కానివాటికి అంతకు ముందు చెప్పిన పాత పేరే ఉంచాడు. అంటే ఒకే వాలుకు మూడు బోర్డులు. ఇది భాషను వర్ణించడం కాదు, భాషకు శాసనం రాయడం. అంతకు ముందు లాటిన్ వాడుకలో ‘ప్రోక్లీవిస్’కు ‘సులువైన’ అన్న నిరపాయమైన అర్థం కూడా ఉండేది. వాలు మీద నడక సులువు కదా! సిసెరో ఆ సులువును ఒక గదిలో, ఆ జారుడును మరొక గదిలో పెట్టి తలుపులు మూశాడు. ఇంగ్లీషు తెచ్చుకున్నది ఆ రెండో గది సామాను.

ఇందులో సిసెరో సొంత సరుకు కొంతే. మూల భావన స్తోయిక్ తాత్త్వికులది. వారు దీన్ని ‘సుఖంగా పడిపోయే గుణం’ అనే అర్థమిచ్చే గ్రీకు సమాసంతో పిలిచారు. దేహానికి జలుబూ విరేచనాలూ ఎలాగో, మనసుకు అసూయా జాలీ కలహప్రియత్వమూ అలాగని ఉదాహరణలిచ్చారు. జాలిని జలుబు పక్కన కూర్చోబెట్టడంలో ఆ తత్త్వం బిగువు, దాని బీదతనం కూడా కనిపిస్తాయి. మనసు కదిలితే చాలు, పడిపోయినట్టే అని నమ్మేవారికి ప్రతి వాలూ లోయలోకే తీసుకుపోతుంది.

విచిత్రమేమిటంటే అదే కాలంలో అదే లాటిన్‌లో అదే ధాతువును మరొకరు నేరుగా వ్యతిరేక ప్రయోజనానికి వాడుకున్నారు. లుక్రేషియస్ తన తాత్త్విక కావ్యం రెండో భాగంలో, శూన్యంలో నిట్టనిలువుగా పడే పరమాణువులు ఏదో ఒక క్షణంలో రవ్వంత పక్కకు ఒరుగుతాయని చెప్పి, ఆ ఒరుగుకు ‘క్లీనామెన్’ అని పేరు పెట్టాడు. ఆ ఒరుగే లేకపోతే ప్రాణులకు స్వేచ్ఛ ఎక్కడి నుంచి వస్తుందని అడిగాడు. ఒకరికి ఒరుగు పతనం. మరొకరికి అది విధి గొలుసులో తెగిన లంకె. తరువాతి శతాబ్దాల్లో యూరపు జ్యోతిష్కులు నక్షత్రాలు మొగ్గు కలిగిస్తాయే గాని బలవంతం చేయవని చెప్పుకున్నారు. లైబ్‌నిట్జ్ ఆ తేడానే తన తత్త్వశాస్త్రంలోకి తెచ్చుకుని, కారణాలు సంకల్పాన్ని వంచుతాయి గాని బిగించవని వాదించాడు. మొగ్గు ఒకటి, నిర్బంధం ఒకటి. ‘ప్రొక్లివిటీ’ని ‘స్వభావం’ అని అనువదించినప్పుడు పోయేది సరిగ్గా ఈ తేడాయే.

సంస్కృతంలో ఈ మాటకు అచ్చంగా సరిపోయే జోడు ఉంది. ‘ప్రవణ’ అంటే క్రమంగా పల్లమయ్యే నేల అని అమరకోశం నానార్థవర్గం చెబుతుంది. వంగినది అన్న అర్థమూ ఇస్తుంది. దాని నుంచి ఒకదాని వైపు వాలిన మనసు అన్న అర్థం. లాటిన్ ‘ప్రో’, సంస్కృత ‘ప్ర’ సోదర ఉపసర్గలు. రెండు భాషలూ విడివిడిగా, నేల పల్లాన్ని చూసి మనసుకు పేరు పెట్టాయి. తేడా ఎక్కడ వచ్చిందంటే, సంస్కృతం ఆ పల్లానికి దోషం అంటగట్టలేదు. కుమారసంభవం అయిదో సర్గలో తపస్సుకు సిద్ధపడిన కూతుర్ని మేన ఆపలేకపోయిన సందర్భంలో, కోరినదాని మీద స్థిరపడ్డ మనసును, పల్లానికి పారే నీటిని ఎవరు వెనక్కు మళ్ళించగలరని కాళిదాసు అడుగుతాడు. పార్వతి పల్లానికి జారడం లేదు, హిమాలయ శిఖరానికి తపస్సుకు పోతున్నది. అయినా పోలిక పల్లపు నీటితోనే. రోమనుకు పతనం అనిపించిన చోట కాళిదాసుకు పట్టుదల కనిపించింది.

యోగశాస్త్రంలో ఇది ఇంకా స్పష్టం. పతంజలి కైవల్యపాదంలో సాధన పండిన చిత్తాన్ని వర్ణించడానికి రెండు మాటలు వాడాడు. ఒకటి వివేకం వైపు నిమ్నమైనది, అంటే పల్లమైనది. రెండోది కైవల్యం వైపు ప్రాగ్భారమైనది, అంటే బరువు ముందుకు తూగినది. లాటిన్‌లో ప్రొక్లివిటీ, ప్రొపెన్సిటీ అని రెండుగా ఉన్న నేల వాలు, తక్కెడ వాలు ఇక్కడ ఒక్క సూత్రంలో పక్కపక్కన కూర్చున్నాయి. అవి రెండూ మోక్షం వైపు వాలినవే. సమాధిపాదంలోని పన్నెండో సూత్రానికి వ్యాఖ్య రాస్తూ వ్యాసుడు చిత్తాన్ని రెండు వైపులా పారే నదిగా చెప్పాడు. ఒక పాయ మేలుకు, ఒక పాయ పాపానికి. వైరాగ్యంతో ఒక పాయకు అడ్డుకట్ట వేయాలి, వివేకాభ్యాసంతో రెండోదానికి గండి తెరవాలి. ఇది నీతిబోధకుడి భాష కాదు, నీటిపారుదల ఇంజనీరు భాష. వాలు ఉన్నదని ఒప్పుకోవడం, దాన్ని తిట్టకపోవడం, పారుదలను మళ్ళించడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. సిసెరో మూడు బోర్డుల కన్నా ఈ రెండు పాయల నది మనసు గురించి ఎక్కువ చెబుతుందని అనడానికి సందేహించనక్కర లేదు.

ఆయుర్వేదానిది మధ్యస్థానం. చరకసంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం ప్రకారం గర్భం నుంచే కొందరిలో మూడు దోషాలూ సమంగా ఉంటాయి, కొందరిలో ఒకటి పైచేయిగా ఉంటుంది. మొదటివారు అనాతురులు. రెండోవారిని చరకుడు సదాతురులు, ఎప్పుడూ రోగులే, అన్నాడు. మాట కఠినంగా ఉంది. కాని వెంటనే అటువంటివారికి తమ దోషానికి విపరీతమైన గుణాలున్న నడవడి హితమని చెప్పి, గట్టు కట్టే దారి చూపించాడు. ఆ దేహనిర్మాణానికి పెట్టిన పేరు ‘ప్రకృతి’. ప్రకృతి తనంతట మారదని, మారితే అది ఆయువు తీరిన గుర్తని సుశ్రుతుడి మాట. కనుక ‘ప్రకృతి’ని ప్రొక్లివిటీకి సమానార్థకం చేయడం కుదరదు. ప్రకృతి నేల రకం, ప్రవణత దాని వాలు. నల్లరేగడి నల్లరేగడిగానే ఉంటుంది. దాని మీద నీరు ఎటు పారాలన్నది గట్టు వేసేవాడి చేతిలో కొంతైనా ఉంటుంది.

తెలుగులో ఈ తేడా చెరిగిపోవడానికి కారణం మాటలు లేకపోవడం కాదు. ‘స్వభావం’ అంటే తన ఉనికి. ‘నైజం’ అంటే తనతో పుట్టినది. “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అన్న సామెత ఈ రెండు మాటలకూ కాపలా కాస్తూ ఉంటుంది. ‘ప్రవృత్తి’ సంగతి వేరు. ముందుకు మరలడం దాని మూలార్థం, నివృత్తికి అది ఎదురు. కాని ఆధునిక తెలుగులో అది వృత్తికి జంటగా స్థిరపడింది. ‘వృత్తిరీత్యా వైద్యుడు, ప్రవృత్తిరీత్యా రచయిత’ అన్న పరిచయ వాక్యం లేని తెలుగు పత్రిక ఉండదు. తీరిక వేళ వ్యాపకం అన్న అర్థం ఇంతగా పాతుకున్న మాటకు ‘నేర ప్రవృత్తి’ అన్న పత్రికల సమాసం కూడా తోడైంది. ఒక చివర పద్యాలు రాసుకోవడం, మరొక చివర జేబులు కొట్టడం. మధ్యలో ఉండవలసిన వాలు కనబడదు. ఇక ‘ప్రవణత’ను భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు పట్టుకుపోయాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఆ మాట వినగానే ఉష్ణోగ్రతా ప్రవణత, గాఢతా ప్రవణత గుర్తొస్తాయి. అది మంచి పరిభాషే. వేడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పారే వాలు అది. కాని అక్కడే బందీ అయిపోయింది. బెంగాలీలో ‘ప్రొబొణ్’ వీధి మాట. వరదలకు, ప్రమాదాలకు, ఉద్వేగానికి లోనయ్యేవాటిని వారు ఈ మాట చేర్చి రోజూ చెప్పుకుంటారు. అదే పనిని తెలుగు పత్రికలు ‘పీడిత’తో కానిస్తాయి. వరద వచ్చే అవకాశమున్న ఊరు, వరద వచ్చి మునిగిన ఊరు, రెండూ ‘వరద పీడిత ప్రాంతాలే’. ఇది మాటల పొదుపు కాదు, ఆలోచనలో సోమరితనం.

ప్రవణత పండితుల మాట అని పక్కన పెట్టినా, ఇంటి మాట ఒకటి ఉంది. మేస్త్రీ డాబా మీద వాననీరు నిలవకుండా తూము వైపు పెట్టేది ‘వాటం’. ఆవరణలో వాటం ఈశాన్యానికి ఉండాలని వాస్తు చెప్పేవారు పట్టుబడతారు. అది నేల వాలు, అంటే సాక్షాత్తూ క్లీవుస్. మరి ‘ఈ కత్తి చేతికి వాటంగా ఉంది’ అన్నప్పుడు? అది సుళువు, అనుకూలత. సిసెరో ‘ఫాకిలిటాస్’ అని వేరు చేసిన మొదటి గది అదే. ‘ఎడమచేతి వాటం’ అన్నప్పుడు? మంచీ చెడూ లేని పుట్టుక మొగ్గు. సిసెరో పాత పేరుతో వదిలేసిన మూడో గది. ‘చేతివాటం చూపించాడు’ అంటే దొంగతనం, లంచం. జారిపడటం వినిపించాలని ఆయన ప్రత్యేకించిన రెండో గది! మూడు బోర్డులు పెట్టి రోమన్ వక్త పంచిన అర్థాలన్నీ తెలుగులో ఒకే మాట కింద, ఒకే చూరు కింద కాపురం చేస్తున్నాయి. ఏ అర్థమో పక్కనున్న మాట చెబుతుంది. వాలుకు మంచి చెడ్డలు లేవని, అవి పారే నీటివని తెలుగు వాడుక ఎవరూ శాసించకుండానే తేల్చుకుంది.

ఎడమచేతి వాటం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ప్రపంచంలో సుమారు పదిమందిలో ఒకరిది ఎడమచేతి వాటం. ఇందులో జన్యువుల పాత్ర ఉంది. అయినా ఒకే అండం నుంచి చీలిన కవలల్లో ఒకరిది కుడి, మరొకరిది ఎడమ కావడం వింత కాదు. తెలుగు ఇళ్ళలో ఎడమచేతితో అన్నం కలిపే పిల్లల్ని కుడిచేతికి మార్పించడం ఎరుగనివారు లేరు. ఆ పిల్లలు పెద్దయ్యాక కుడిచేత్తో తింటూ, ఎడమచేత్తో బంతి విసురుతారు. వాలు అక్కడే ఉంది, ఒక కాలువ మాత్రం మళ్ళింది. అందుకు పిల్లలు చెల్లించిన మూల్యం వేరే చర్చ. ‘ఎడమచేతి స్వభావం’ అని తెలుగులో ఎవరూ అనకపోవడం ఇక్కడ గమనించవలసింది. భాషకు ఈ తేడా తెలుసు. అనువాదకులు దాన్ని మరచిపోతున్నారు.

మరపు ఖరీదు తెలిసేది వైద్యంలో. అమెరికాలోనో ఇంగ్లండులోనో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులను వైద్యుడు పరీక్షించి, మధుమేహానికి ‘ప్రీడిస్పొజిషన్’ ఉందని చెబుతాడు. దుబాసీగా కూర్చున్న కొడుకు దాన్ని “నీది షుగరు వచ్చే తత్వం నాన్నా” అని మారుస్తాడు. తండ్రి తల ఊపుతాడు. తత్వం అంటే ఒంటి తత్వం, అది మారేది కాదు. “మా నాన్నకీ ఉండేది, మా అన్నయ్యకీ ఉంది” అంటాడు. ఆ తల ఊపడంలో అంగీకారం ఉన్నట్టే కనిపిస్తుంది గాని ఉన్నది లొంగుబాటు. వైద్యుడు చెప్పింది వాలు గురించి. రోగి విన్నది తీర్పు.

వాలు ఉన్నమాట నిజమే. దక్షిణాసియావారికి తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియా ప్రజల విషయంలో శరీర ద్రవ్యరాశి సూచి 25 దాకా ఆగకుండా 23 దగ్గరే మేలుకోవాలని సూచించారు. అమెరికా మధుమేహ సంఘం 2015లో ఆసియా మూలాలున్నవారికి పరీక్షలు చేయడానికి 23నే హద్దుగా తీసుకుంది. కాని వాలు ఎంత, జారుడు ఎంత అన్నది కూడా కొలిచి చూసినవారున్నారు. చెన్నై కేంద్రంగా జరిగిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. రక్తంలో చక్కెర అప్పటికే హద్దు దాటుతున్న 531 మంది అందులో ఉన్నారు. మామూలు సలహాతో వదిలేసిన వర్గంలో మూడేళ్ళలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. నడక, తిండి మార్చుకున్న వర్గంలో అది నూటికి 39. ఈ అంకెలను రెండు విధాలా చదవాలి. గట్టు వేసినా నూటికి 39 మంది జారారు కనుక వాలు చిన్నది కాదు. ఏ గట్టూ లేని వర్గంలో కూడా మూడేళ్ళు గడిచేసరికి నూటికి 45 మంది నిలబడే ఉన్నారు కనుక వాలు పతనం కాదు. ‘తత్వం’ అన్న మాట ఈ రెండో చదువును మింగేస్తుంది. తాగుడు విషయంలోనూ ఇంతే. వంశంలో తాగుడున్న మనిషిని ‘తాగుబోతు నైజం’ అన్నవారు, ఒక రాత్రి తాగడానికీ తాగుబోతు కావడానికీ సిసెరో గీసిన గీతను కూడా చెరిపేస్తున్నారు. ఆ గీతను చెరిపింది ఇంగ్లీషు కాదు, అనువాదం.

“నాన్నా, నీ ఒంటి వాటం షుగరు వైపుంది” అని ఆ కొడుకు అంటే తండ్రి ఏమంటాడు? “మరి వాటం ఎటు తిప్పాలి?” అని అడిగే అవకాశం కనీసం ఉంది. డాబా మీద వాటం సరిచేయించిన అనుభవం ఆయనకు ఉండే ఉంటుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. వాటం మోటు మాట, శాస్త్రవ్యాసంలో నిలవదని కొందరంటారు. అటువంటిచోట ప్రవణత ఉంది. ‘బ్లీడింగ్ డయాథిసిస్’కు ‘రక్తస్రావ ప్రవణత’ అంటే అర్థం కాని వైద్యుడు ఉండడు. వరద పీడితానికి బదులు ‘వరద ప్రవణ ప్రాంతం’ అంటే నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. ‘చేతివాటం’ నీడ పడి వాటం మీద దొంగతనపు వాసన ఉందన్నది రెండో అభ్యంతరం. దీనికి బలముంది. కాని ఇంగ్లీషు ప్రొక్లివిటీ మీద ఉన్నదీ అదే వాసన కనుక, అనువాదంలో అది లోపం కాకపోగా లాభం. రాజకీయ నాయకుడి అబద్ధాల ‘ప్రొక్లివిటీ’ని ‘అబద్ధాల వాటం’ అన్నప్పుడు ఇంగ్లీషులోని ఎత్తిపొడుపు చెక్కుచెదరదు. ‘అబద్ధమాడే స్వభావం’ అన్నప్పుడు ఎత్తిపొడుపు పోయి రోగనిర్ధారణ మిగులుతుంది. ప్రొపెన్సిటీకి మాత్రం ‘మొగ్గు’ ఉండాలి. సరుకున్న పళ్ళెం కాస్త కిందికి తూగితే దాన్ని మొగ్గు అనే అంగడి వాడుక దానికి సరిగ్గా సరిపోతుంది. పూర్వజన్మ ‘వాసన’ అనే మాట ఇంకొకటి ఉంది. అది వాలూ కాదు, బరువూ కాదు, బట్టకు పట్టిన అత్తరు. దానికి సాటి మాట ఇంగ్లీషు వెతుక్కోవాలి.

అమరకోశం ‘ప్రవణ’కు చెప్పిన అర్థాల్లో ఒకటి పైన చెప్పకుండా మిగిలిపోయింది. క్రమంగా పల్లమయ్యే నేల, వంగినది అన్నవాటితో పాటు, పుంలింగంలో ఆ మాటకు అమరసింహుడు మూడో అర్థం ఇచ్చాడు: నాలుగు దారులు కలిసే చోటు.